ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా, మీ పాస్‌వర్డ్…

2025 జనవరి 16, గురువారం. సంక్రాంతికి ఊళ్లకు వెళ్లినవాళ్లలో మొదటి విడత ఆ రోజు ఆఫీసుకు తిరిగొచ్చింది. తెల్లారుజామున మడివాళలో బస్సు దిగి, మారతహళ్లి పీజీల్లో బ్యాగులు పడేసి, స్నానం చేశామనిపించి వచ్చినవాళ్లు. తొమ్మిదిన్నరకల్లా నా బల్ల మీద అరిసెల డబ్బాలు రెండు, సకినాల పొట్లం ఒకటి, సున్నుండలు కొన్ని చేరాయి. నా మీద అభిమానం పొంగి తెచ్చారనుకునేరు. ఒక్కరికీ లాగిన్ కావడం లేదు.

నేనొక మధ్యరకం కంపెనీలో నెట్‌వర్కు చూసుకుంటాను. బెల్లందూరు వైపు ఆఫీసు, హోస్కోటెలో గోడౌను. రెండూ కలిపి నాలుగు వందల పైచిలుకు లాగిన్లు. ఐటీ అంటే నేనూ, కోలారు నుంచి వచ్చిన ఒక కుర్రాడూ, అంతే. అతను తెలుగూ కన్నడమూ కలిపి మాట్లాడతాడు. ఆ రోజు వరసలో నిలబడ్డవాళ్లకు "స్వల్ప వెయిట్ మాడి అన్నా, అయిపోతుంది" అని ఒంటిగంట దాకా చెబుతూనే ఉన్నాడు.

ఎందుకలా అయిందో తెలుసుకోవడానికి వేళ్ల మీద లెక్క చాలు. అంతకు ముందు అక్టోబరులో మాకు ఆడిట్ జరిగింది. ఆడిటర్లు పోతూ పోతూ రెండు మాటలు రాసిపెట్టి పోయారు: అందరి పాస్‌వర్డ్‌లూ ఒకేసారి మార్పించండి, ఇకమీదట 90 రోజులకోసారి మార్పిస్తూ ఉండండి. అక్టోబరు 16న మార్పించాం. అక్కడినుంచి 90 రోజులు లెక్కపెడితే, మళ్లీ మార్చనివాళ్ల పాస్‌వర్డ్‌ల గడువు తీరేది జనవరి 14. మంగళవారం, పెద్దపండగ. సర్వర్ రూము గోడకు తెలుగు క్యాలెండరు వేలాడుతూనే ఉంది, నేనే తగిలించాను. ఒక్కసారి తలెత్తి చూసినా సరిపోయేది.

విండోస్ తనంతట తాను హెచ్చరించదా అంటే, హెచ్చరిస్తుంది. ఎక్స్‌పీ కాలంలో 14 రోజుల ముందునుంచీ చెప్పేది. విండోస్ 7 వచ్చాక దాన్ని 5 రోజులకు తగ్గించారు. మేం ఏమీ మార్చలేదు కాబట్టి మాకూ ఐదే. అంటే జనవరి 9 నుంచి. 10వ తేదీ శుక్రవారం సాయంత్రానికి సగం ఆఫీసు బస్సుల్లో ఉంది. మిగిలిన ఆ రెండు రోజుల్లో కూడా హెచ్చరిక కనబడేది లాగిన్ అయ్యేటప్పుడే, తెర కింద ఒక మూల, నాలుగు క్షణాలు. మన జనం లాగిన్ ఎక్కడవుతారు? ల్యాప్‌టాప్ మూత వేస్తారు, తీస్తారు. వారాల తరబడి అదే నడుస్తుంది. ఆ నాలుగు క్షణాల సందేశాన్ని చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని తర్వాత అడిగాను. ఒకాయన చూశాడట. "ఏదో అప్‌డేట్ అనుకుని మూసేశాను" అన్నాడు.

మధ్యాహ్నానికి మేనేజర్ రిపోర్టు అడిగాడు. నేను రాసింది ఇది: "గడువు గురించి యూజర్లందరికీ విధానం ప్రకారం ముందుగానే తెలియజేయడమైనది." అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆయన సంతృప్తి చెందాడు, పైవాళ్లూ సంతృప్తి చెందారు. తప్పు పండగకు పోయినవాళ్లదే అయింది. సాయంత్రం మిగిలిన అరిసె ఒకటి తింటుంటే ఆ వాక్యం గుర్తొచ్చి గొంతు దిగలేదు.

మా ఊరు పుంగనూరు దగ్గర. చిన్నప్పుడు చాటింపు వినడం నాకు బాగా గుర్తుంది. తలారి తప్పెట కొట్టుకుంటూ వచ్చి, "ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా" అని మొదలుపెట్టేవాడు. మేం పిల్లలం వెంటపడి ఆ మాటనే నోటితో కొట్టుకుంటూ తిరిగేవాళ్లం. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన పని ఎంత పద్ధతిగా చేసేవాడో అనిపిస్తుంది. పొద్దున చాటేవాడు కాదు, అప్పుడు అందరూ పొలాల్లో ఉంటారు. మాపటేళ, పశువులు ఇళ్లకు చేరాక వచ్చేవాడు. రచ్చబండ దగ్గర ఒకసారి చాటి వదిలేయకుండా ప్రతి వీధి మలుపులో నిలబడి చాటేవాడు. వినబడని ముసలమ్మ ఒకామె ఉండేది, ఆమె గుమ్మం ముందు ఆగి ఇంకోసారి అరిచేవాడు. మైకులూ మెసేజిలూ లేని రోజుల్లో ఒక మనిషి ఊరందరికీ కబురు చేర్చాడు. నాకు సర్వర్ ఉంది, మెయిల్ ఉంది, నాలుగు వందల మందికి చేర్చలేకపోయాను.

సరే, స్క్రిప్టు రాద్దాం అనుకున్నాను, అంటే తనంతట తాను నడిచే చిన్న ప్రోగ్రాము. నాలాంటివాడికి ఏ సిగ్గుకైనా మందు స్క్రిప్టే. రోజూ పొద్దున ఏడింటికి నడుస్తుంది, ఎవరి గడువు 14, 7, 3, 1 రోజుల్లో ఉందో చూసి మెయిల్ పంపుతుంది. పవర్‌షెల్ అనే విండోస్ ఆదేశాల భాషలో ముప్పై వరసలు. దీన్లో నాకు నచ్చిన ముచ్చట ఒకటుంది, చెప్పకుండా ఉండలేను. ఆఫీసు లాగిన్ల చిట్టా అంతా ఉండే యాక్టివ్ డైరెక్టరీ ప్రతి ఖాతాకూ పాస్‌వర్డ్ ఎప్పుడు మార్చారో రాసి పెట్టుకుంటుంది. కానీ తేదీలా రాయదు. 1601 జనవరి 1 నుంచి ఎంత కాలం గడిచిందో లెక్కగట్టి, సెకనులో కోటో వంతును ఒకటిగా తీసుకుని, ఆ మొత్తం అంకెను రాస్తుంది. 1601 అంటే గోల్కొండలో మహమ్మద్ కులీ కుతుబ్‌షా ఏలుబడి, చార్మినార్ కట్టి పదేళ్లు. అప్పటినుంచి కోటో వంతులు లెక్కపెట్టుకుంటూ వస్తున్న యంత్రం, మా అకౌంట్స్ అక్కకు మాత్రం ఐదు రోజుల ముందు గానీ నోరు విప్పదు.

గడువు ఎప్పుడూ తీరని ఖాతాలు కూడా ఉంటాయి. వాటికి గడువు తేదీ ఉండాల్సిన గడిలో 9223372036854775807 అనే అంకె ఉంటుంది. దాన్ని తేదీగా మార్చబోతే పవర్‌షెల్ ఎర్రక్షరాల్లో తిట్టి, ఆ పని వదిలేసి ముందుకు పోతుంది. అలా పోయినప్పుడు తేదీ ఉండాల్సిన చోట అంతకు ముందు మనిషి తేదీ అలాగే మిగిలిపోతుంది. ఇది నాకు అప్పట్లో తెలియదు. మొదటి వారంలోనే మా డైరెక్టర్లలో ఒకాయన ఫోన్ చేశాడు. "ఏమయ్యా, నా పాస్‌వర్డ్ మూడు రోజుల్లో పోతుందట, మార్చేశాను. ఇప్పుడు ఫోన్లో మెయిల్ రావడం లేదు, అకౌంటేమో లాక్ అయిందంటోంది." ఆయన ఫోనూ, ట్యాబూ పాత పాస్‌వర్డుతో సర్వర్ తలుపు తడుతూనే ఉన్నాయి. కొన్నిసార్లు తప్పు పడేసరికి ఖాతా లాకైంది. అసలు ఆయన పాస్‌వర్డుకు గడువే లేదు. జాబితాలో ఆయనకు ముందున్న స్టోర్స్ క్లర్కు తేదీ ఆయన మెయిల్లో పడింది.

తిట్లు తిన్నాక కూర్చుని, గడువు తీరని ఖాతాలు ఎన్నున్నాయో తీశాను. డైరెక్టర్లు, వాళ్ల పీఏలు, మనుషులకు కాక పాత అప్లికేషన్లకే ఇచ్చిన సర్వీసు ఖాతాలు, ఎప్పుడో మానేసిన ఒక అడ్మిన్. బీరువా తాళాలన్నీ ఎవరి దగ్గరున్నాయో వాళ్లందరికీ మినహాయింపు. 90 రోజుల క్రమశిక్షణ మాత్రం హోస్కోటెలో బార్‌కోడ్ కొట్టే పిల్లలకు.

ఆ పిల్లల సంగతికే వస్తున్నాను. స్క్రిప్టు బాగుచేశాక ఆఫీసులో గోల తగ్గింది. గోడౌనులో ఒక్క ఫోనూ తగ్గలేదు. అక్కడ పది మందికి ఒక కంప్యూటరు. షిఫ్టు ఎక్కగానే తమ పేరుతో లాగిన్ అయి, బిల్లులు కొట్టుకుని, దిగిపోతారు. మెయిల్ ఉందన్న సంగతే సగం మందికి తెలియదు. నేను పంపిన 14, 7, 3, 1 అన్నీ ఎవరూ తెరవని పెట్టెల్లో పడి మగ్గుతున్నాయి. అక్కడి సూపర్‌వైజరుది చిత్తూరు వైపు, నాకంటే పదేళ్లు పెద్ద. ఒకరోజు ఫోన్లో కడిగేశాడు: "ఏమప్పా, లారీ వచ్చి నిలబడింది, పిల్లోణ్ణి లోపలికే పోనీదు మీ కంప్యూటరు. జాబు పంపినా జాబు పంపినా అంటావు. జాబు చదివేవాడు నీకు లారీ ఎట్లా దింపుతాడు?"

నా దగ్గర జవాబు లేదు. మర్నాడు హోస్కోటె వెళ్లాను. లారీల నంబర్లు రాసే తెల్లబోర్డులో ఒక మూల ఆయన గీత కొట్టి ఇచ్చాడు. ఆ వారం ఎవరి గడువు తీరుతుందో పేరూ తేదీ రాశాం. తేదీ రహస్యం కాదు కదా, పాస్‌వర్డ్ రహస్యం గానీ. పొద్దున హాజరు పిలిచేటప్పుడు ఆయనే గుర్తుచేస్తాడు, వాళ్లు అక్కడికక్కడే మారుస్తారు. తప్పెట ఒక్కటే తక్కువ.

ఇంటినుంచి పనిచేసేవాళ్లది ఇంకో రకం తిప్పలు. ల్యాప్‌టాప్ ఆఫీసు సర్వరుకు దూరంగా ఉన్నా, ఇదివరకటి లాగిన్ గుర్తుపెట్టుకుని లోపలికి పోనిస్తుంది. గడువు తీరినా పోనిస్తుంది. అందుకని మనిషికి అంతా బాగానే ఉన్నట్టుంటుంది. వీపీఎన్, అంటే ఇంటినుంచి ఆఫీసు నెట్‌వర్కులోకి వెళ్లే భద్రమైన దారి, కలపబోయినప్పుడు గాని అసలు సంగతి బయటపడదు. వీపీఎన్ కలిస్తే తప్ప పాస్‌వర్డ్ మార్చలేరు, పాస్‌వర్డ్ మారిస్తే తప్ప వీపీఎన్ కలవదు. పిచ్చి కుదిరితేగాని పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితేగాని పిచ్చి కుదరదు అన్నట్టు. వీళ్లకు పంపే మెయిల్లో మొదటి వరసే "ముందు వీపీఎన్ కలపండి, ఆ తర్వాతే మార్చండి" అని పెట్టాను. అంతకుమించి చేయగలిగింది లేదు.

ఇక లింకు సంగతి. నా మొదటి మెయిల్లో అందమైన నీలం బటన్ ఒకటి ఉండేది, "ఇక్కడ నొక్కి మార్చుకోండి" అని. జనానికి సులువు చేశానని మురిసిపోయాను. ఆరు నెలల తర్వాత ఒక క్లయింటు మా మీద పరీక్ష పెట్టింది. అంటే దొంగ మెయిల్ పంపి ఎవరు నొక్కుతారో చూడటం. వాళ్లు ఎంచుకున్న విషయం ఏమిటో మీరు ఊహించే ఉంటారు: మీ పాస్‌వర్డ్ ఈ రోజుతో ముగుస్తుంది. మోసగాళ్లు ఎప్పటినుంచో వాడుతున్న ఎర అది. నొక్కినవాళ్లలో మా అకౌంట్స్ అక్క ఒకరు. హిందూపురం మనిషి, పదహారేళ్ల సర్వీసు, పైసా తేడా వస్తే రాత్రి పదింటిదాకా కూర్చునే రకం. ఆమెను ట్రైనింగుకు పిలిచారు. బయటికి వస్తూ నాతో ఒకే మాట అంది: "నీ మెయిలే అనుకున్నా తమ్ముడూ. అచ్చం నీదాని మాదిరే ఉంది."

ఆమె తప్పేముంది? ఆరు నెలలుగా రోజూ పొద్దున ఏడింటికి ఈ ఆఫీసు మొత్తానికి నీలం బటన్ నొక్కడం నేర్పించినవాణ్ణి నేను. దొంగ వచ్చి నా పాఠం అప్పజెప్పించుకున్నాడు. ట్రైనింగుకు కూర్చోబెట్టాల్సింది నన్ను.

ఆ రోజే బటన్ తీసేశాను. ఇప్పుడు మెయిల్లో ఏ లింకూ ఉండదు. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కండి, అక్కడ పాస్‌వర్డ్ మార్చుకునే వరస కనబడుతుంది, దాన్ని ఎంచుకోండి అని మాత్రం ఉంటుంది. ఆ మూడు మీటల కలయికను మామూలు ప్రోగ్రాము ఏదీ మధ్యలో పట్టుకోలేదు, నేరుగా విండోస్‌కే పోతుంది. అందుకే అక్కడ కనబడే తెరను నమ్మొచ్చు. కింద ఒక వాక్యం: ఈ విషయం మీద లింకున్న మెయిల్ ఏది వచ్చినా అది మాది కాదు. "విధానం 4.2 ప్రకారం" లాంటి ముక్కలు కూడా కోసేశాను. సబ్జెక్టులోనే "శుక్రవారం ఉదయం 11లోపు మార్చుకోండి" అని రోజు, గంట పెట్టాను. గంట ఎందుకంటే ఈ గడువు అర్ధరాత్రి తీరదు. పోయినసారి ఏ గంటకు మార్చారో సరిగ్గా ఆ గంటకే తీరుతుంది. అప్పటికే లాగిన్ అయి ఉన్నవాళ్లకు వెంటనే తెలియదు. కాసేపటికి షేర్డ్ ఫోల్డరు తెరుచుకోదు, మెయిల్ ఊరికే పాస్‌వర్డ్ అడుగుతూ ఉంటుంది, మనిషి నెట్ పోయిందనుకుంటాడు.

అక్క ఇప్పుడు ప్రతిసారీ ఫోన్ చేస్తుంది. "మెయిల్ వచ్చింది, లింకు లేదు, నీదేనా?" అంటుంది. నాదే అక్కా అంటాను. లింకు లేదని తెలిసీ ఎందుకు అడగడం అని ఒకసారి విసుక్కున్నాను కూడా. "అడిగితే పోయేదేముంది, నొక్కితే గదా పోయేది" అంది. అప్పటినుంచి విసుక్కోవడం మానేశాను.

ఇదంతా విని మా మేనేజర్ అన్న మాట మీలో కొందరికీ తోచి ఉంటుంది: పెద్దవాళ్లే కదా, గుర్తుపెట్టుకోలేరా? గ్యాస్ బుక్ చేసుకుంటున్నారు, బండి ఇన్సూరెన్స్ కట్టుకుంటున్నారు. నిజమే, కానీ వాటిని గుర్తుచేసేది ఎవరు? ఫోన్ రీచార్జి అయిపోతుందంటే కంపెనీ వారం ముందునుంచీ ఎన్ని మెసేజిలు పంపుతుందో చూడండి. ప్రీమియం గడువు దగ్గరపడితే మా నాన్న దగ్గరకు ఎల్‌ఐసీ ఏజెంటు ఇంటికొచ్చి కాఫీ తాగి మరీ గుర్తుచేసి పోయేవాడు. మనం మరిస్తే వాళ్లకు నష్టం. ఆఫీసు పాస్‌వర్డ్ మరిస్తే నష్టం మరిచినవాడిదే అనుకుంటాం, వాడి పొద్దు పోతుంది, వాడి లారీ ఆగుతుంది, వాడికే చీవాట్లు. రూలు పెట్టినవాడి జేబులోంచి రూపాయి కదలదు. అందుకే 90 రోజుల రూలు ఎవరికీ బరువుగా అనిపించదు. చేతులు దులుపుకునే నోటీసు చేసే అసలు చెడుపు ఇదే అంటాను నేను. రూలు ఖరీదును అది కనబడనివ్వదు.

కబురు నిజంగా చేర్చడం మొదలుపెట్టాక ఆ ఖరీదు కాగితం మీదికి వచ్చింది. హోస్కోటె ప్రయాణాలు, బోర్డు, ఫోన్లు, రీసెట్లు, ఇద్దరి సమయం అన్నీ గంటల్లో రాసి మేనేజర్ ముందు పెట్టాను. ఆయన మొట్టమొదటిసారి అడిగాడు, "అసలు ఈ 90 రోజులు ఎవరు పెట్టారయ్యా?" అని.

చెప్పాను. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో పనిచేసిన బిల్ బర్ 2003లో పాస్‌వర్డుల మీద ఒక మార్గదర్శకం రాశాడు. తరచూ మార్పించడం, అక్షరాల మధ్య అంకెలూ గుర్తులూ ఇరికించడం లాంటి అలవాట్లు ఆఫీసుల్లో పాతుకుపోవడానికి దాని చలవ చాలా ఉంది. రిటైరయ్యాక 2017లో ఆయనే, తాను రాసినదాంట్లో చాలావాటికి చింతిస్తున్నానని ఒక పత్రికతో అన్నాడు. అదే ఏడాది నిస్ట్, కారణం లేకుండా గడువు పెట్టి మార్పించవద్దని, పాస్‌వర్డ్ బయటపడిందని తేలితే మాత్రం మార్పించాలని రాసింది. 2025లో వచ్చిన నాలుగో సవరణలో ఆ సలహాను నిషేధంగా మార్చింది. మైక్రోసాఫ్ట్ తన విండోస్ భద్రతా సిఫార్సుల్లోంచి గడువును 2019లోనే తీసేసింది. అయినా కొత్తగా డొమైన్, అంటే ఆఫీసు కంప్యూటర్లనూ లాగిన్లనూ ఒక్కచోట కలిపే ఏర్పాటు, పెడితే దాంట్లో ముందే ఉండే గడువు 42 రోజులు. చెప్పేది శ్రీరంగనీతులు అంటే ఇదే.

ఎందుకు వద్దన్నారో మా గోడౌను చూస్తేనే తెలుస్తుంది. గడువు పెట్టిన ప్రతిచోటా జనం చివరి అంకె మారుస్తారు. ఊరి పేరు, పక్కన ఒకటి. మూడు నెలలకు రెండు. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం, చాపెల్ హిల్ పరిశోధకులు 2010లో దీన్ని లెక్కగట్టారు. గడువు పెట్టి మార్పించిన పది వేలకు పైగా ఖాతాల పాత పాస్‌వర్డులు తీసుకున్నారు. పాతది తెలిసినప్పుడు 17 శాతం ఖాతాల్లో ఐదు ప్రయత్నాలు కూడా పట్టకుండా తర్వాతది దొరికింది. పాస్‌వర్డులను సంకేతాలుగా మార్చి దాచిన ఫైలు దొంగిలించి చేతిలో ఉందనుకుంటే 41 శాతం ఖాతాలకు ఒక్కోదానికి మూడు సెకన్లు చాలాయి. దొంగ దగ్గర నిరుటి తాళంచెవి ఉంటే ఈ ఏటి తలుపు కూడా తెరుచుకుంటుందన్నమాట.

ఈ కాగితాలన్నీ చూపిస్తే సగం గెలిచాం. ఆఫీసువాళ్లకు మెయిలుకూ వీపీఎన్‌కూ ఫోన్లో రెండో ధ్రువీకరణ పెట్టి, గడువు ఏడాదికి పొడిగించాం. డైరెక్టర్ల మినహాయింపు పోయింది. దీనికి నేను ఊహించినంత గొడవ జరగలేదు. మిగిలింది కార్డు చెల్లింపుల పని చూసే ఒక జట్టూ, గోడౌనూ. క్లయింటు ప్రశ్నావళిలో 90 రోజులు అనే గడి ఉంది, "అవును" అని రాయకపోతే కాంట్రాక్టు కదలదు. పీసీఐ డీఎస్‌ఎస్ అనే ఆ కార్డుల ప్రమాణంలో 90 రోజుల మాట పాస్‌వర్డ్ ఒక్కటే కాపలాగా ఉన్నచోటికే వర్తిస్తుందని, దానికి మరో దారి కూడా ఇచ్చారని మూడు కాల్స్‌లో వివరించాను. అవతలి ఆయన మర్యాదగా విన్నాడు. విని, గడి నింపి పంపమన్నాడు. గోడౌనులో రెండో ధ్రువీకరణకు అడ్డం అక్కడి రూలే, షిఫ్టులో ఎవరి దగ్గరా ఫోన్ ఉండకూడదు. లాగిన్‌కు వాడే కార్డు రీడర్లు అడిగాను, వచ్చే బడ్జెట్‌లో చూద్దామన్నారు.

కాబట్టి హోస్కోటె బోర్డు ఇంకా నడుస్తోంది. పోయిన నెల వెళ్లినప్పుడు చూస్తే పేరు, తేదీ పక్కన సూపర్‌వైజరన్న మూడో గడి గీసి ఉన్నాడు. అందులోనూ తేదీలే. ఇదేందన్నా అని అడిగాను.

"ఊరికి పోయే తేదీలప్పా. పోయే ముందే మార్పించి పంపుతాండా. పోయినాక ఎవడు మారుస్తాడు?"

మా స్క్రిప్టులో ఆ గడి లేదు. సెలవుల షీటు నుంచి లాక్కోవచ్చని కోలారు కుర్రాడు అంటున్నాడు, హెచ్‌ఆర్‌వాళ్లు షీటు ఇస్తే.